చెవికి పని లేని బండి

మలికిపురం కాలవగట్టు మీద నా షెడ్డు.
ముప్ఫై రెండేళ్ళుగా ఈ చుట్టుపక్కల
పాత కారు కొనేవాళ్ళు ముందు నా చెవిని తీసుకెళ్తారు.
ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి
పిడి చెవిలో పెట్టుకుంటే చాలు,
వాల్వు దగ్గుతోందో, బేరింగు గొణుగుతోందో,
మీటరు ఎంత వెనక్కి తిప్పారో
అదే చెప్పేసేది, పాపం, దాపరికం తెలీదు దానికి.

మొన్న బుధవారం కడలి వీర్రాఘవులు వచ్చాడు.
ఏడెకరాల రొయ్యల చెరువులు, రెండు జనరేటర్లు,
డీజిలు బిల్లు తలగడ కింద పెట్టుకు పడుకునే మనిషి.
"కరెంటు కారు చూద్దాం, భీమవరం రా" అన్నాడు.
"కరెంటు పోతేనో?"
"పోతే ముందు చచ్చేది రొయ్య గదా,
కారు ఆగిందని ఏడవడానికి తీరికెక్కడిది?"
నా దగ్గర జవాబు లేదు.

టీ కొట్టు దగ్గర మాత్రం అందరి దగ్గరా ఉంది.
బ్యాటరీ పోతే సగం కారు పోయినట్టేనన్నాడు
ఇరవయ్యేళ్ళుగా స్కూటరు మార్చని ఎల్లైసీ ధర్మారావు.
వరదనీళ్ళలో షాకు కొడుతుందన్నాడొకడు.
తెలుపు తీసుకో, అమ్మితే రేటొస్తుందన్నాడింకొకడు.
కొనకముందే అమ్మే రేటు అడిగేది
పాడిగేదెకీ, కారుకీ.

షోరూములో తెల్లచొక్కాతో ఎదురొచ్చినవాడు అబ్బులు!
నాలుగేళ్ళు నా దగ్గర
పదమూడో నంబరు పానా అడిగితే పన్నెండు అందించినవాడు.
గోళ్ళ కింద ఇప్పుడు మడ్డి లేదు.
కాళ్ళకి దణ్ణం పెట్టబోయి, పైన కెమెరా గుర్తొచ్చి,
చెయ్యి కలిపాడు.

బోనెట్ ఎత్తాడు.
లోపల నల్లటి మూత, ఓ సూట్‌కేసుకి సరిపడా చోటు.
స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది.
ఎక్కడ ఆనించను?

మోకాళ్ళ మీద వంగి అడుగు చూశాను.
"మా ఊరి ఉప్పుగాలి కొత్త ఇనుమునైనా
మూడేళ్ళలో అప్పడం చేస్తుంది, దీనికేం పూత వేశారబ్బులూ?"
వాడు పలకలాంటి దాంట్లో వెతికాడు. చాలాసేపు వెతికాడు.
"అది రాయలేదు మాష్టారూ."
గోడంత తెర పెట్టారు, పాటలు పెట్టారు,
చప్పట్లు కొడితే వెలిగే దీపాలు పెట్టారు,
స్టెప్నీ తీసేశారు.
రాత్రి పదింటికి దిండి దగ్గర గుంతలో పడితే
ఆ తెర ఎవరికి చూపించుకోవాలి?

అయినా నడిపి చూశాం.
నిజం చెప్పాలి గదా, కాలు ఆనగానే
నూనె రాసిన చాప మీద చేపలా జారింది.
ఉండి కాలవ పక్కన కొంగలు
ఓసారి తలెత్తి మమ్మల్ని చూసి
మళ్ళీ చేపల పనిలో పడ్డాయి.
నా జన్మలో ఏ కారుకీ కొంగలు లేవకుండా లేవు.

వీర్రాఘవులు అడ్వాన్సు కట్టేశాడు, తెలుపుకే.
"నీ అభిప్రాయం చెప్పలేదేంరా?"
"అభిప్రాయం లేదు బాబూ, భయం ఉంది.
ఆ రెండూ కలిపేసి నీకు అమ్మను."

సాయంత్రం నరసాపురం రేవులో
ఆయన పాత డీజిలు బండితోనే పంటు ఎక్కాం.
పంటు మీద అన్ని బళ్ళూ నోరు మూసుకోవాల్సిందే.
ఓ లారీ కొబ్బరికాయలు, మూడు ఆటోలు, మా కారు,
గోదారి మధ్యలో అంతా కరెంటు బళ్ళలాగే ఉన్నాం.
పంటు ఇంజను ఒక్కటే మాట్లాడుతోంది.
దాని మాటలో ఓ అక్షరం ఎగిరిపోతోంది.

లేచి వెళ్ళి ఆనించాను. మూడో సిలిండరు.
ఇంజెక్టరు విప్పి కడిగించమన్నాను.
సరంగు నవ్వాడు:
"దీన్నీ మార్చేస్తారంటండి, బ్యాటరీ పంటంట!"
ఆయ్, మార్చనీ.
పిడి చెవిలోంచి తియ్యలేదు నేను,
సఖినేటిపల్లి ఒడ్డు తగిలేదాకా.